సన్న పైపు

హల్ నగరంలో నీళ్లు గట్టివి.
కెటిల్ అడుగున, షవర్ ముక్కున, బాయిలర్ కడుపులో
తెల్లగా సున్నం పేరుకుంటుంది.
ఇరవై రెండేళ్లుగా నా కూడు ఆ సున్నమే.
ఇంటింటికీ వెళ్లి ఒకటే చెబుతాను:
"ముందు మూసుకునేది లావు పైపు కాదమ్మా, సన్నది.
అది మొరాయించినప్పుడే పిలవండి,
ఇల్లంతా చల్లబడ్డాక కాదు."

నా ఒంట్లో సన్న పైపు సంగతి
నాకెవరూ చెప్పలేదు.

చెప్పడానికి ఎవరున్నారు?
పదమూడో ఏట, పరీక్షల రోజుల్లో,
మేనత్త దుప్పటి లాగి లేపుతుంటే
గోడవైపు తిరిగి బోర్లా పడుకున్నాను,
"ఇంకో ఐదు నిమిషాలత్తా" అంటూ.
ఆ విషయంలో నా చదువంతా ఆ ఐదు నిమిషాలే.
హాస్టల్లో నలభై మంచాలు, నలభై లుంగీలు,
పొద్దున్నే నలభై మందిమీ గోడలవైపే.

కోరిక కాదది, కల కూడా కాదు.
నిద్రలో నెత్తురు తన కాలవలన్నీ
ఒకసారి తిరిగి చూసుకుంటుందట,
రాత్రికి మూడు నాలుగుసార్లు,
తూముల వెంట లాంతరుతో నడిచే నీరటికాడిలా.
తెల్లారి మనం చూసేది
వాడు ఆర్పడం మరిచిన ఆఖరి లాంతరు.

పోయిన నవంబరులో ఆ లాంతరు లేదు.
వారం. నెల.
వయసన్నాను, యాభై మూడు.
చలన్నాను. హంబర్ మీంచి వచ్చే గాలి
ఇనుమునే వణికిస్తుంది, మాంసమెంత.
వకుళ నావైపు ఒత్తిగిలి "ఏంటీ?" అంటే
"బాయిలర్లు" అన్నాను.
అబద్ధానిక్కూడా నా దగ్గర వేరే మాట లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లింది మోకాలి కోసం.
డాక్టర్ వింటర్టన్, నా కూతురి వయసు,
వంచి చూసి, చాచి చూసి, జెల్ రాసిచ్చింది.
లేచాను. కోటు వేసుకున్నాను.
తలుపు పిడి మీద చెయ్యి పెట్టి
ఆమెతో కాదు, గోడమీది ఫ్లూ టీకా పోస్టరుతో అన్నాను,
తెలుగులో ఎన్నడూ పలకని మాట
ఇంగ్లీషులో, ముక్కలు ముక్కలుగా.

ఆమె నవ్వలేదు. పెన్ను మూత తీసింది.
"కూర్చోండి. ఎన్నాళ్లుగా?
మెట్లెక్కితే ఆయాసం? గురక? దిగులు?"
అడుగుతూనే కాగితం మీద రెండు గొట్టాలు గీసింది.
"ఇది గుండెది. అది, దీంట్లో సగం.
పూడిక మొదలైతే ముందు తెలిసేది సన్నదానికి.
ప్రతిసారీ గుండె జబ్బే కానక్కర్లేదు.
కానీ చూడకుండా వదలం."

నా మాటే, ఆవిడ నోట.
బిల్లు ఆవిడకి పంపాలనిపించింది.

రక్తపోటు నూట డెబ్బై. చక్కెర ఉంది.
ఫిబ్రవరిలో మణికట్టు గుండా తీగ పంపి
గుండె దగ్గర ఒక మలుపులో స్టెంట్ పెట్టారు.
ఆ రాత్రి వకుళకి అంతా చెప్పాను.
నా అరచెయ్యి తిప్పి తిప్పి చూసి, చాలాసేపటికి,
"నామీద మనసు విరిగిందనుకున్నాను" అంది.
నవంబరు నుంచీ అదే అనుకుంటూ
నాకు అన్నం వడ్డించింది.

నిన్న వ్యానులో కీత్‌తో చెప్పాను.
పద్దెనిమిదేళ్లుగా పక్కపక్క సీట్లు,
రగ్బీ తప్ప మాట్లాడుకున్నది లేదు.
డ్రైపూల్ వంతెన దగ్గర గేట్లు పడ్డాయి,
ఏదో పడవ వస్తోందట.
మా కళ్లెదుట రోడ్డు రోడ్డంతా
మెల్లగా, బరువుగా, ఆకాశంలోకి లేచింది.
ఇంకెప్పుడైనా అయితే కీత్ జోకు వేసేవాడే.
రేడియో కట్టేశాడు.

పడవ వెళ్లింది. వంతెన దిగింది. వెనక హారన్లు.
వాడింకా గేరు వెయ్యలేదు.
"ఆ డాక్టరు పేరేమన్నావ్?" అన్నాడు.